సదరు చెట్టు ఎటు వాలి ఉండెను

మెల్‌బోర్న్‌కి దూరంగా గిప్స్‌ల్యాండ్ కొండల్లో, టార్లీ వాగు ఒడ్డున, చెట్లు నరికే ఈనక్ ట్రెవెల్లా గుడిసె. మధ్యాహ్నం, వాన. బల్లకి అవతల కానిస్టేబుల్ డౌలింగ్, కాగితాలు, సిరాబుడ్డి. ఇవతల డెబ్బై దాటిన ఈనక్. పొయ్యి దగ్గర ఆయన కూతురు హెస్టర్. పొద్దున్నే ఆవిడ మొగుడు సైలస్ గార్బట్ చెట్టు కింద పడి చచ్చాడు. ఇప్పుడు పక్క షెడ్డులో దుప్పటి కింద ఉన్నాడు. ఎవరు మాట్లాడుతున్నా అడ్డు రాకుండా ఉండటం అతనికి ఇదే మొదటిసారి.

"పెద్ద చెట్టు అంటే ఒప్పుకోరు తాతా. చావుల మీద విచారణ చేసే జడ్జీగారి దగ్గర 'పెద్ద' అనే మాట చెల్లదు."

"పెద్దదాన్ని పెద్దదనక పెళ్ళికూతురనమంటావా డౌలింగూ?"

"పోయినసారి అట్టాగే రాసి పంపితే ఎర్రసిరా పూసుకుని తిరిగొచ్చింది. 'ఎంత పెద్ద? ఏ ఆకారం? నిటారా, వాలా? గట్టిదా, పుచ్చా? నాలుగు ముక్కలు ఇంగ్లీషు రాయడం రానివాడికి పోలీసు కొలువేల?' అని. అందుకే అడుగుతున్నా. మొదలు చుట్టుకొలత ఎంత?"

"రాసుకో. నలుగురు మగాళ్ళు చేతులు కలిపి కావలించుకున్నా, మధ్యలో ఒక కన్నెపిల్ల దూరేంత సందు మిగుల్తుంది."

"అడుగుల్లో చెప్పు."

"అది పిల్లని బట్టి."

"నాన్నా! ఇరవై నాలుగడుగులండీ. నిలబడి కోసే ఎత్తులో పదిహేడు."

"నువ్వు నయం హెస్టరమ్మా. ఇరవై నాలుగు... రాశాను. ఇక ఆకారం?"

"మొదలు మీ ఆవిడలాగా, పైకి పోయేకొద్దీ నీలాగా."

"తాతా!"

"కోప్పడకు నాయనా. వేళ్ళ దగ్గర బాగా ఉబ్బు. కాళ్ళు బారజాపుకుని కూచున్నట్టుంటుంది. ఆ ఉబ్బుని కోయాలంటే మన ఆయుష్షు చాలదు. అందుకే ఆరడుగుల పైన చెట్టులోకి పలక దిగ్గొట్టి, దాని మీద నిలబడి కోస్తాం. అక్కణ్ణుంచి నూట ఎనభై అడుగులు ఒక్క కొమ్మ ఉండదు, నున్నగా ఉంటుంది. ఏం రాశావో చదువు."

"'సదరు వృక్షము మూలమందు స్థూలమై, మధ్యమున సన్నగిల్లి, దృఢకాయమై, శాఖారహితమై ఒప్పుచుండెను.'"

"నువ్వు రాసేది చెట్టునా, బిషప్పునా?"

"కాగితం మీద ఇంగ్లీషు ఇట్టాగే ఉంటుంది."

"పాపం! ఆ చెట్టు ఈ ముక్క వినుంటే మేం కోయకముందే పడిపోయేది."

"నవ్వులాటగా ఉందా? షెడ్డులో నీ అల్లుడున్నాడు."

"ఉన్నాడా? ఎంత ఉన్నాడు? దుప్పటెత్తి చూశావుగా."

"చూశాను. ఛాతీ అనేదే లేదు. తడిబట్ట పిండినట్టు... వద్దులే, ఆవిడ వింటోంది. బూట్లు రెండూ మాత్రం కట్టిన తాళ్ళు కట్టినట్టే ఉన్నాయి."

"బూట్లెప్పుడూ మిగుల్తాయి. మా తమ్ముడు జోనా సంగతి చెప్పానా నీకు? ఎండుకొమ్మ ఒకటి నూరడుగుల పైనుంచి వాడి నడినెత్తిన దిగింది. తలకాయ తిన్నగా భుజాల మధ్యకి కూరుకుపోయింది. టోపీ మాత్రం భుజాల మీద కూచుంది, పొయ్యి మీద మూతలాగ. మేం పరిగెత్తుకెళ్ళి టోపీ ఎత్తితే లోపల్నించి 'పొగాకుందా' అని అడిగాడు."

"అబద్ధం."

"పొగాకు అబద్ధం. మిగతాది నిజం. వాణ్ణి పూడ్చింది నేనే. పెట్టె కొలతలో ఒక అడుగు కలిసొచ్చింది."

"నాన్నా, టీ చల్లారిపోతోంది. గ్లాసు నీ కుడిచేతి పక్కనే ఉంది. ఇంకొంచెం ఇటు. ఆఁ."

"హెస్టరమ్మా, నీ మెడ మీద ఆ నలుపేమిటి?"

"మెట్టు మీంచి జారి పడ్డానండీ."

"మా ఇంటి మెట్టుకి అయిదు వేళ్ళున్నాయి కానిస్టేబులూ. అది కూడా రాసుకుంటావా? ఆకారం కావాలంటే చెబుతాను, నిన్న నా చేత్తో తడిమి చూశా."

"నాన్నా, ఊరుకో."

"ముందు చెట్టు సంగతి తేల్చుకుందాం తాతా. విను, నీ మంచికే చెబుతున్నా. ఈ కాగితం చదివి జడ్జీగారు రెండింట్లో ఒక ముక్క అంటారు. ప్రమాదం అన్నారా, రేపు వాణ్ణి పూడ్చిపెట్టి ఎవరి పనికి వాళ్ళం పోతాం. కాదన్నారా, మెల్‌బోర్న్‌లో ఉరికొయ్య సిద్ధంగా ఉంటుంది. ఇంకో ముక్క లేదు. అర్థమైందా?"

"ఆ కొయ్య గట్టిదేనా? ఏ చెట్టుదో కనుక్కున్నావా?"

"తాతా!"

"సరే సరే. అడుగు."

"గట్టి చెట్టా, పుచ్చు చెట్టా?"

"పుచ్చు."

"ఏమన్నావ్?"

"పుచ్చిపోయిందయ్యా. లోపలంతా డొల్ల. దారి వైపు వాలి ఉంది. రంపం సగం దూరేసరికి దానంతటదే విరుచుకుపడింది. ప్రమాదం. రాసుకో."

"పుచ్చు అనే మాట నోరు కాలినట్టు అంటున్నావేం?"

"టీ వేడిగా ఉంది."

"చల్లారిపోతోందని ఇప్పుడే చెప్పింది మీ అమ్మాయి. చూడు తాతా, ఆ మొద్దు మీద నేనెక్కి నిలబడొచ్చాను. బూటుతో తన్నాను, నా మడమే నొప్పెట్టింది. బల్లలా చదునుగా ఉంది, గంటలా ఖంగుమంది. ఇంకోటి. పదేళ్ళ నుంచీ ఈ దారిన వస్తే నేను గుర్రాన్ని ఆపేది ఆ చెట్టు కిందే. దాని వాలు వాగు వైపు. నీళ్ళు తాగడానికి వంగిన ఎద్దులా ఉండేది. అట్టాంటిది వాగు వైపు పడకుండా వెనక్కి తిరిగి గట్టెక్కి దారి మీద పడిందంటే, అదేమన్నా దానంతటది చేసే పనా?"

"గాలి."

"ఆకు కదల్లేదు ఇవాళ."

"చెట్లకి బుద్ధి పుడుతుంది ఒక్కోసారి. నాకు తెలిసిన చెట్టొకటి..."

"అల్లుడి మీంచి దుంగ లాగడానికి ఎనిమిది జతల ఎద్దులు పట్టాయి. వాడి ఎద్దులే. రోజూ వాడి కొరడా తిన్న ఎద్దులు, ఒక్క అదిలింపుకే లాగేశాయి. దుంగ దొర్లాక వాణ్ణి ఎత్తాం. వాడి కింద ఏముందో తెలుసా తాతా?"

"ఏముంటుంది? బురద."

"కర్ర మేకు. నేలకి సమానంగా దిగిపోయి, దాని తల పువ్వులా విచ్చుకుని ఉంది. మీ గొడ్డలి వాళ్ళ పందెం నాకు తెలీదనుకుంటున్నావా? అరవై అడుగుల దూరాన మేకు పాతి, పడే చెట్టుతో దాన్ని నేలలోకి దిగ్గొట్టడం. ఈ కొండల్లో ఆ పని చేసేవాడు ఒక్కడే అని తాగినప్పుడల్లా చెప్పుకునేది ఎవరు?"

"తాగకపోయినా చెప్పుకుంటాను. ఆర్నెల్లు తిరిగి చూడు, నాలాంటోడు దొరికితే చెప్పు. ఓసారి వంటవాడి పొయ్యి మీద కుండ మూతని చిటారుకొమ్మతో ఎగరగొట్టా, పులుసు తొణకలేదు. పైగా యూకలిప్టస్ ఆకు పడి రుచొచ్చింది."

"అంటే పుచ్చు చెట్టూ కాదు, గాలీ కాదు."

"పుచ్చు చెట్టుకి నేను గొడ్డలి వేస్తానా? యాభై ఏళ్ళు! యాభై ఏళ్ళల్లో ఒక్క చెట్టు నా మాట తప్పలేదు. ముందు గొడ్డలితో దానికి నోరు తెరుస్తాం. నోరు ఎటు తెరిస్తే అటే పడాలి. తర్వాత వెనకవైపు రంపం. వాలు అడ్డమొస్తే ఇనుప చీలలు కొట్టి మెడలు వంచుతాం. దారి తప్పే చెట్టు ఉండదు, తప్పించే చేతకానోళ్ళుంటారు."

"నాన్నా!"

"ఊరుకోవే. నా చెట్టు పుచ్చుదనిపించుకుని బతకాలా?"

"ఇందాక అన్నది నువ్వే తాతా."

"అన్నాను. నోరు జారింది. కొట్టెయ్."

"కొట్టేస్తే ఏమవుతుందో తెలుసుగా?"

"మెల్‌బోర్న్ చూసి చాలా ఏళ్ళయిందిలే."

"అసలేం జరిగింది? మేకు ఎవరు పాతారు?"

"అల్లుడుగారే. నిన్న సాయంత్రం. నా గొడ్డలితోనే దిగ్గొట్టాడు. 'ఏం ముసలి పందికొక్కూ, నీ కోతలు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. రేపు పొద్దున్న ఈ మేకు కొట్టు. కొట్టలేకపోతే గొడ్డలి నాకిచ్చి, పట్నంలో ముసలోళ్ళ ఆశ్రమానికి పో. నేనూ నా పెళ్ళాం ఇక్కడ హాయిగా ఉంటాం' అన్నాడు. హాయిగా! విన్నావా?"

"ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోక? నేను ఆశ్రమానికి పోతే దీన్ని వారం లోపల చంపేస్తాడు. నేనున్నప్పుడే మెడ నొక్కేవాడు."

"పొద్దున్న?"

"తెల్లారకముందే నోరు తెరిచేశాం. పొద్దెక్కాక వాడొచ్చాడు సీసా పుచ్చుకుని. వచ్చి తిన్నగా మేకు పక్కనే నిలబడ్డాడు, కాళ్ళు ఎడంగా పెట్టి."

"మేకు పక్కనా? పిచ్చా వాడికి?"

"'ఈ అడవి మొత్తానికి క్షేమమైన చోటు ఇదే, ముసలోడు గురిపెట్టిన చోటు' అన్నాడు. నవ్వాడు. అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. చెట్టు కిర్రుమంటున్నా తిడుతూనే ఉన్నాడు. హెస్టర్ని, నన్ను, చచ్చిపోయిన దాని తల్లిని."

"చెట్టు పడుతుంటే కేక వెయ్యలేదా మీరు? అది మీ కట్టుబాటు కదా. అడవిలో కుక్క ఉన్నా కేక వేస్తారు."

"కుక్క ఉంటే వేసేవాళ్ళమే."

"తాతా, ఆలోచించుకుని చెప్పు. నేనింకా రాయలేదు."

"రాయి. ఏం ఆలోచించమంటావు? పోయిన చలికాలం దీని కడుపులో ఏడో నెల. వాడి బూటు... నువ్విందాక చెప్పావే, తాళ్ళు కట్టినట్టే ఉందని, ఆ బూటే. మూడు తన్నులు. గోడకి ఇవతల పడుకుని నేను లెక్కపెట్టాను. మూడూ విన్నాను. పిల్లని వాగొడ్డున పూడ్చాం, నా టోపీలో పెట్టి తీసుకెళ్ళా. అంతే ఉంది. దానికి ఆకారం లేదా? అడుగు చెబుతాను. గుప్పెడంత తల. పది వేళ్ళు, పదింటికీ గోళ్ళు. రాయవేం? రెండుసార్లు నీ ఠాణాకొచ్చింది ఇది. రెండోసారి నెత్తురోడుతూ వచ్చింది. ఏం రాశావు డౌలింగూ? చదివి వినిపించు, నాకూ సరదాగా ఉంటుంది."

"ఆ పుస్తకం ఇక్కడ లేదు."

"నీకు గుర్తుంది."

"...'ఇంటి గొడవ. గాయములు స్వల్పము. నచ్చచెప్పి పంపడమైనది.'"

"స్వల్పం! చెట్టుకయితే మూలం, మధ్యం, స్థూలం, దృఢకాయం. దీనికి స్వల్పం. అప్పుడు ఎర్రసిరాతో తిరిగి రాలేదా కాగితం?"

"రాలేదు."

"రాదు. సరే, అయిందేదో అయింది. ఇప్పుడన్నా సరిగ్గా రాయి. చెట్టు గట్టిది, వాలు వాగు వైపు. ఈనక్ ట్రెవెల్లా తెలిసి గురిపెట్టాడు, తెలిసి నరికాడు, తెలిసి కేక వెయ్యలేదు. వాడు మొదటిసారి నిజం చెప్పాడు, ముసలోడు గురిపెట్టిన చోటే నిలబడ్డాడు. ఇటు తే కాగితం. నాకు చదువు రాదు, అడ్డగీత నిలువుగీత పెడతాను."

"నాన్నా, వద్దు."

"నువ్వు మాట్లాడకు హెస్టర్. కాగితం తేవయ్యా."

"ఇదిగో. కింద, గీత గీసిన చోట."

"ఇక్కడేగా? ఇదిగో... అడ్డం... నిలువు. అయిపోయింది."

"తాతా."

"ఏం?"

"గీతలు బల్ల మీద పడ్డాయి."

"కాగితం జరిగింది."

"జరగలేదు. జానెడు దూరంలో ఉంది. ఇటు చూడు. నా చేతిలో ఏముంది?"

"కలం."

"ఏమీ లేదు. కలం నీ చేతిలో ఉంది. ఎన్నాళ్ళయింది తాతా?"

"ఏంటి ఎన్నాళ్ళు? ఆ మూల వెలుతురు తక్కువ..."

"రెండేళ్ళండీ. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదాంట్లో పగలూ రాత్రీ తేడా తెలుస్తుంది, అంతే. కలప మిల్లులో తెలిస్తే పని తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి తెలుసు."

"ఓ! అందుకే వాడు మేకు పక్కన నిలబడ్డాడు. గుడ్డివాడు ఎక్కడైనా కొట్టగలడు గానీ గురిపెట్టిన చోట కొట్టలేడని. ఓరి ఓరి ఓరి! తాతా, నీ నోటితో నువ్వే ఉరేసుకోబోయావు కదయ్యా! కళ్ళు లేనివాడు గురిపెట్టడమేమిటి? ఇది హత్య కాదు. గుడ్డి గొడ్డలి, తాగుబోతు మొండితనం, అంతే. ప్రమాదం!"

"ప్రమాదమేం కాదు, నేను..."

"నోరు మూసుకో. హెస్టరమ్మా, ఇంకో కాగితం ఇయ్యి. ఈసారి ముక్కముక్కా నేను చెబుతాను, నువ్వు తలూపు చాలు తాతా. చెట్టు పుచ్చు. ఒప్పుకుంటావా?"

"గుడ్డివాడు పుచ్చు చెట్టుని గట్టిదనుకున్నాడు. అంతేగా?"

"అంతే."

"అట్టా రాస్తే ఎవరి జోలికీ రారుగా? నా జోలికి గానీ, ఇంకెవరి జోలికి గానీ?"

"రారు. గుడిసెలో ఉన్న ఎవరి జోలికీ రారు."

"అయితే రాయి. పుచ్చు. లోపలంతా డొల్ల, చీమలు తిన్నాయని రాయి. ముసలోడికి చేతకాక నోరు వంకరగా తెరిచాడని రాయి. దారి వైపు వాలిందో, వాగు వైపు వాలిందో కూడా తెలియని వెధవ అని రాయి. యాభై ఏళ్ళూ కోతలే కోశాడు, చెట్లు కొయ్యలేదని రాయి. ఇంకా ఏమన్నా ఉంటే అదీ రాయి."

"అంత అక్కర్లేదు తాతా."

"రాయమన్నాగా! పోయేదేముంది? ఇప్పటిదాకా నాకంటూ ఒక పేరుండేది, అదీ ఇచ్చేశా. హెస్టర్, నా చెయ్యి పట్టుకో. ఈసారి బల్ల మీద పెట్టించకు."

"చదువుతాను, వినండి. 'సదరు వృక్షము పైకి దృఢముగా కానవచ్చినను, లోపల మిక్కిలి పుచ్చి, డొల్లయై, దారి దిక్కునకు వాలియుండెను. నరికినవాడు వృద్ధుడు, చూపు లేనివాడు. చెట్టు తనంత తాను విరిగి, అజాగ్రత్తగా నిలిచిన సైలస్ గార్బట్ మీద పడెను. ఇందు ఎవరి ఉద్దేశమును లేదు.' ఎట్టా ఉంది?"

"చెట్టు తప్ప అన్నీ బతికాయి అందులో. నా చెయ్యి ఎక్కడుంచావే?"

"గీత మీదే ఉంది నాన్నా. అడ్డం. ఇప్పుడు నిలువు. పడింది."

"నా వేళ్ళు అట్టా నొక్కకే. ఈ కాయలు చూడు డౌలింగూ, ఆడపిల్ల చేతులా ఇవి? పొయ్యిలోకి కట్టెలు కొట్టేది ఇదే మరి. ఇంటి కట్టెలు. అంతే."

"నేనేం అడగలేదు తాతా."

"అడగలేదు, మంచిది. టీ ఇంకొంచెం తాగు. వాన తగ్గేలా ఉంది, చప్పుడు పలచబడింది. మళ్ళీ ముసరకముందే బయల్దేరితే మంచిది, వాగు పొంగితే నీ గుర్రం..."

"పోతున్నా. ఇంకొక్కటే పని. హెస్టరమ్మా, రంపం రెండో పిడి పట్టుకుంది నువ్వేగా? ఒంటి మనిషి కోసే రంపం కాదది. సాక్షిగా నీ సంతకం కావాలి. నీకు చదువొచ్చుగా, ఒకసారి చూసుకుని పెట్టెయ్."

"ఇలా ఇవ్వండి."

"చదవడమెందుకే? పెట్టెయ్. నేను విన్నాగా."

"'పుచ్చి, డొల్లయై' అని రాశారు."

"అవునమ్మా. దానివల్లే అందరం బయటపడతాం."

"'ఇందు ఎవరి ఉద్దేశమును లేదు' అని రాశారు."

"హెస్టర్! పెట్టవే సంతకం! నీ కాళ్ళు పట్టుకుంటా, పెట్టవే!"

"రెండేళ్ళ నుంచీ ఈ చేత్తోనే ప్రతి చెట్టుకీ నోరు తెరుస్తున్నాను నాన్నా. పేరు నీది, గొడ్డలి నీది. ఎక్కడ కొట్టాలో చెవితో విని నువ్వు నేర్పావు, కంటితో చూసి నేను కొట్టాను. ఇంతవరకూ ఒక్కటి తప్పిందా?"

"అమ్మా, ఆగు. నేను కలం కింద పెట్టాను. నేనేం వినలేదు. నువ్వేం చెప్పలేదు."

"వినాలి. రెండుసార్లు మీ ఠాణాకొచ్చినప్పుడు నన్ను స్వల్పమని రాశారు, ఊరుకున్నాను. నా చెట్టుని పుచ్చుదని రాస్తే మాత్రం ఊరుకోను. అది కొట్టేసి రాయండి కానిస్టేబుల్ గారూ: గట్టి చెట్టు, వాలు వాగు వైపు, నేను పడమన్న చోటే పడింది."